బొమ్మలు వేయు బిడ్డకు బ్రతుకుతెరువు

“బొమ్మలు కూడు పెట్టునా?” అను ప్రశ్న మన ఇండ్లలో క్రొత్తది కాదు. లెక్కల నోటుపుస్తకము చివరి పుటలలో ఏనుగులను, రథములను, సినిమా నటుల ముఖములను గీయు పిల్లవాడో, పండుగనాడు వీధివారందరు వచ్చి చూచునట్లు ముగ్గు పెట్టు ఆడపిల్లయో ప్రతి తరగతిలోను ఒకరుందురు. వారిని చూచి బంధువులు మెచ్చుకొందురు. పదవ తరగతి ఫలితములు వచ్చిన మరునాడు మెచ్చుకొన్న ఆ బంధువులే “ఇక ఆటలు చాలును, చదువు సంగతి చూడుము” అందురు. తల్లిదండ్రుల భయము అర్థము లేనిది కాదు. వారెరిగిన చిత్రకారులలో పేరు గాంచినవారు కొలదిమంది, అప్పులతో కాలము గడపినవారు పెక్కుమంది. కాని ఆ భయము ఒక పొరపాటు ఊహపై నిలిచియున్నది. చిత్రకళ యనగా పటము వ్రాసి గోడకు తగిలించి కొనువాని కొరకు ఎదురుచూచుట యొక్కటే యని మనవారి తలంపు. అది కళలో ఒక శాఖ మాత్రమే. నెలకు నెల జీతమో, పనికి పని కూలియో తెచ్చి యిచ్చు శాఖ వేరొకటి కలదు. దానినే వ్యాపార చిత్రకళ యనియు, రూపకల్పన యనియు చెప్పుచున్నారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతములలోని పిల్లలకు ఆ త్రోవలెట్టివో, వానిలో ప్రవేశించుటెట్లో, ఏయే గుంతలు చూచుకొని నడువవలెనో వివరింప ప్రయత్నింతుము.

మొదట ఈ రెండు కళలకు గల భేదము తెలియవలెను. శుద్ధ చిత్రకారుడు తన మనసులోని మాటను తనకు తోచిన రీతిని చెప్పును. వ్యాపార చిత్రకారుడు ఇతరుల అవసరమునకు రూపము కల్పించును. పచ్చళ్ళ వ్యాపారి తన సీసా పది సీసాల నడుమ కంటబడవలెనని కోరును. ఆసుపత్రివారు అక్షరము రాని ముసలమ్మ సైతము మందుల గదికి దారి తెలిసికొనవలెనని కోరుదురు. పాఠ్యపుస్తకము ముద్రించువారు పత్రహరితము సంగతి ఆరవ తరగతి పిల్లకు బొమ్మతో అర్థము కావలెనందురు. ఈ మూడును ఎవరో ఒకరు కూర్చుండి ఆలోచించి గీయవలసిన పనులే. ఇందులో అందము అవసరమే గాని, అందము కంటె ముందు ప్రయోజనము నిలుచును.

ఈ సత్యమును తెలుపుటకు మన వంటయింటి చెంబును మించిన ఉదాహరణము లేదు. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు భారత ప్రభుత్వము కోరగా మన దేశమునందలి రూపకల్పనను గూర్చి ఒక నివేదిక వ్రాసిరి. అందులో వారు ఎక్కువగా ముచ్చటించినది రాజప్రాసాదములను గూర్చి కాదు, చెంబును గూర్చియే. ఎంత నీరు పట్టవలెను, నిండినప్పుడును ఖాళీగా నున్నప్పుడును చేతికెట్లు అమరవలెను, తలపైనో నడుముపైనో పెట్టుకొన్న నెట్లు నిలువవలెను, వంచిన ధార యెట్లు పడవలెను, లోపల చేయి పెట్టి తోముట సాధ్యమగునా, లోహము ఖరీదెంత అను ప్రశ్నలన్నింటికి తరతరములుగా దొరికిన సమాధానమే ఆ చెంబు ఆకారమని వారు గుర్తించిరి. ఆ నివేదికను అనుసరించి 1961లో అహమ్మదాబాదునందు జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడినది. ఇట్టి ప్రశ్నలు వేసికొని గీత గీయుటయే రూపకల్పన. మీ బిడ్డ బొమ్మ మాత్రమే వేయుచున్నాడా, లేక “ఈ డబ్బా మూత ఇట్లేల యున్నది?” అని కూడ అడుగుచున్నాడా యని గమనింపుడు. రెండవ లక్షణము కూడ నున్నచో అతడీ వృత్తికి పుట్టినవాడే.

మన సీమ ఈ వృత్తికి ఎండినగడ్డ కాదు. తిరుపతి వచ్చిన యాత్రికుడు శ్రీవారి పటము కొనక మరలడు. ఆ పటము, క్యాలెండరు, ప్రసాదపు సంచి, వసతిగృహపు బోర్డు, దారి చూపు బాణపు గుర్తు అన్నియు వ్యాపార చిత్రకళయే. చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు డబ్బాలలో చేరి దేశాంతరములకు పోవుచున్నది. డబ్బాకు లేబులు కావలెను. నగరిలో మరమగ్గములున్నవి, నారాయణవనములో చేనేత యున్నది, వెంకటగిరి చీరల సంగతి చెప్పనక్కరలేదు. చీరకు అంచు, కొంగు, బుటా ఎవరో కల్పింపవలెను. గళ్ళకాగితముపై ఒక్కొక్క గడి ఒక పడుగుపోగు, ఒక పేకపోగు కలిసికొను చోటు. ఆ గడులు నింపుచు పువ్వును పుట్టించువాడు చిత్రకారుడే కాక లెక్క తెలిసిన చిత్రకారుడు. శ్రీకాళహస్తి సమీపమున మాధవమాల గ్రామమునందు కొయ్యను చెక్కి దేవతామూర్తులను చేయు శిల్పులున్నారు.

అన్నింటికి మించి శ్రీకాళహస్తి కలంకారీ యున్నది. అచ్చుతో కాక కలముతోనే వ్రాయుట ఇక్కడి ప్రత్యేకత. ఉతికిన నూలుబట్టను పాలు, కరక్కాయ కలిసిన నీటిలో ముంచి యెండబెట్టుదురు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకొనును; పాలలోని క్రొవ్వు రంగు ప్రక్కకు ప్రాకకుండ ఆపును. చింతబరికల బొగ్గుతో చిత్తుగీత గీయుదురు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్ని దినములు ఊరవేయగా వచ్చు కసిమిని వెదురు కలముతో పూయగనే కరక్కాయ వగరుతో కలిసి అది నల్లనగును. ఎరుపు కావలసిన చోట పటిక నీరు పూసి, వేళ్ళ నుండియు చెక్కల నుండియు తీసిన రంగులో బట్టను ఉడికింతురు. పటిక యున్నచోటనే ఎరుపు నిలుచును. పసుపునకు కరక్కాయ పువ్వు, నీలమునకు నీలిమందు. పసుపుపై నీలము పూసిన పచ్చన. నడుమ నడుమ పారు నీటిలో ఉతుకవలెను గనుక స్వర్ణముఖి తీరమున ఈ కళ స్థిరపడినది.

ఇంత విపులముగా చెప్పుటకు కారణమున్నది. కలంకారీ నేర్చిన పిల్లకు వస్తువు, రసాయనము, వరుస, ఓర్పు అను నాలుగు పాఠములు ఒక్కచోటనే దొరకును. ఏ రూపకల్పన కళాశాల యందైనను బోధించునది అదియే. అంతరించిపోవు దశలో నున్న ఈ కళను కమలాదేవీ చట్టోపాధ్యాయ అఖిలభారత హస్తకళల మండలి ద్వారా ఆదుకొనగా, 1950ల చివరి భాగమున శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము వెలసినది. ఈ కళకు జీవితమును ధారపోసిన జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించినది. నేడు ఈ కళకు భౌగోళిక గుర్తింపు కూడ కలదు. ఐనను చేతితో వ్రాసిన బట్ట ప్రక్కనే మరతో అచ్చువేసిన నకలు చవుకగా అమ్ముడుపోవుచున్నది. కలము పట్టిన చేతికి పని నిలువవలెనన్నచో రెండింటి భేదము కొనువారికి తెలియజెప్పువారు, పాత కథలకు తోడు క్రొత్త వస్తువులకు తగిన నమూనాలు కల్పించువారు కావలెను. అది నేటి విద్యార్థులకు తెరచియున్న తలుపు.

ఇక విద్యాలయముల మాట. తిరుపతిలోనే తిరుమల తిరుపతి దేవస్థానమువారి శ్రీ వేంకటేశ్వర సాంప్రదాయ శిల్పకళాశాల 1960 నుండి నడచుచున్నది. పదవ తరగతి పూర్తి చేసినవారికి అందు ఆలయ నిర్మాణము, శిలాశిల్పము, సుధాశిల్పము, లోహశిల్పము, దారుశిల్పము, సంప్రదాయ చిత్రలేఖనము బోధింతురు. కలంకారీ శిక్షణయు కలదు. దేవాలయములు కట్టించు మనవారు దేశమునందే గాక అమెరికా మొదలగు చోట్లను ఉన్నారు గనుక శాస్త్రము తెలిసిన శిల్పికి పని కొరవడదు. పదవ తరగతి తరువాతనే చేరదగినది మరియొకటి వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సాంకేతిక సంస్థ. అందు మూడేండ్ల డిప్లొమా కలదు.

పాఠశాలలో చదువుచుండగనే వ్రాయదగిన పరీక్షలున్నవి. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగమువారు డ్రాయింగునందు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు జరుపుదురు. ఏడవ తరగతి ఉత్తీర్ణులైనవారు లోయరునకును, ఆ పరీక్షతో పాటు పదవ తరగతియు పూర్తియైనవారు హయ్యరునకును అర్హులు. డ్రాయింగు ఉపాధ్యాయుడు కాదలచినవారికి ఇవి తొలిమెట్లు. ఇతరులకును ఇవి మేలే చేయును. బిడ్డ చేతికి గల పదును ఎంతయో బంధువులు కాక పరీక్షకులు చెప్పుదురు.

ఇంటర్మీడియటు తరువాత మార్గములు విస్తరించును. నాలుగేండ్ల బి.ఎఫ్.ఏ. పట్టమునందు అప్లైడ్ ఆర్టు, అనగా వ్యాపార చిత్రకళ, ప్రత్యేక విభాగము. హైదరాబాదులో 1940లో పుట్టిన కళాశాల పునాదిపై 2008లో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము ఏర్పడినది. రాయలసీమవారికి మరింత చేరువగా కడపలో డాక్టరు వై.ఎస్.ఆర్. వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము 2020లో నెలకొన్నది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు లలితకళల శాఖ కలదు. చిత్తూరు నుండి కొన్ని గంటల ప్రయాణములో నున్న చెన్నపట్టణపు ప్రభుత్వ లలితకళా కళాశాల 1850 నాటిది.

బి.డిజైన్ అను పట్టము వేరు. ఇది కూడ నాలుగేండ్లది. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ రూపకల్పన సంస్థ 2015 నుండి పనిచేయుచున్నది. అందు ప్రవేశమునకు మొదట ఒక ప్రాథమిక పరీక్ష, అందులో నెగ్గినవారికి చేతిపని, ఆలోచన చూచు రెండవ పరీక్ష జరుగును. బొంబాయి ఐ.ఐ.టి. వారు జరుపు యూసీడ్ పరీక్షకు ఇంటరులో ఏ గ్రూపు చదివినవారైనను కూర్చుండవచ్చును. గణితము చదువలేదని, సైన్సు తీసికొనలేదని నిరాశ చెందనక్కరలేదు. బట్టల రూపకల్పన యందు ఆసక్తి గలవారికి హైదరాబాదులో 1995 నుండి నిఫ్ట్ కలదు. ప్రవేశ నిబంధనలు, రుసుములు ఏటేట మారుచుండును గనుక దరఖాస్తుకు ముందు ఆయా సంస్థల ప్రకటనలనే చూడవలెను. పట్టణములలో బోర్డులు కట్టి “నూటికి నూరు ఉద్యోగము” అని పిలుచు ప్రైవేటు శిక్షణాలయములు పెక్కు వెలసినవి. చేరుటకు ముందు మూడు సంగతులడుగుడు: పట్టము నిచ్చు విశ్వవిద్యాలయమేది, దానికి ప్రభుత్వపు గుర్తింపు గలదా, గత సంవత్సరము చదివినవారు నేడెచ్చట పనిచేయుచున్నారు. ఈ మూడింటికి సూటిగా బదులు రానిచో డబ్బు కట్టక మరలి వచ్చుట మేలు.

చదువు ముగిసిన తరువాత చేయు పనులేవి? ప్రకటనల సంస్థలు, పత్రికలు, పుస్తక ప్రచురణ, చలనచిత్రములు, బొమ్మలాటల చిత్రములు, ఆటవస్తువులు, ప్రదర్శనశాలలు, బట్టల మిల్లులు, సెల్‌ఫోను తెరపై కనబడు పుటల అమరిక అన్నియు కలవు. మన తెలుగువారిలోనే ఆదర్శములున్నవి. బాపుగారు న్యాయశాస్త్రము చదివి, మద్రాసులో ప్రకటనల సంస్థలలో పనిచేసి, పత్రికలకు బొమ్మలు వేసి, సినిమాలు తీసిరి. వారి చేతివ్రాతయే నేడు అచ్చక్షరముగా నిలిచినది. పాలకొల్లు నుండి వచ్చిన ఈశ్వర్‌గారు 1967 నాటి ‘సాక్షి’ చిత్రముతో మొదలిడి అసంఖ్యాకములైన సినిమా పోస్టర్లు కూర్చిరి. 1947లో వెలువడిన ‘చందమామ’కు వడ్డాది పాపయ్యగారు వేసిన ముఖచిత్రములను దాచుకొన్న ఇండ్లు ఇప్పటికి నున్నవి. వీరెవరును కొనువాని కొరకు గోడవైపు చూచుచు కూర్చుండలేదు. ప్రతివారమో, ప్రతినెలయో గడువులోగా పని ముగించి యిచ్చిరి. గడువు నిలుపుట ఈ వృత్తిలో సగము ప్రతిభ.

తెలుగు పిల్లకు ఇతరులకు లేని ఆస్తి యొకటున్నది. అది తెలుగు లిపి. ఆంగ్లాక్షరములు చాలవరకు రెండు గీతల నడుమ ఒదిగియుండును. మన అక్షరమునకు పైన తలకట్టు, గుడి. క్రింద ఒత్తు, ఒత్తునకు మరల ఒత్తు. ‘స్త్రీ’ యను మాటకు క్రింద చోటు విడువనిచో దిగువ పంక్తిలోని గుడితో ఢీకొనును. ‘శ్రీకాళహస్తీశ్వర’ అని బోర్డుపై వ్రాయగల చేయి వేరు, ఆంగ్లము కొరకు గీసిన అమరికలో తెలుగును ఇరికించు చేయి వేరు. 1991లో యూనికోడునందు తెలుగు చేరిన పిదప కంప్యూటరులోను, ఫోనులోను మన అక్షరము ఎల్లెడల పరుగులిడుచున్నది. ఐనను అక్షరరూపముల సంఖ్య ఆంగ్లముతో పోల్చిన మిక్కిలి తక్కువ. ఈ చేను ఇంకను దున్నవలసియే యున్నది.

లేబులు వ్రాయుట చిన్నపనిగా తోచును. మామిడి తాండ్ర పొట్లమును తీసికొనుడు. తయారీదారు పేరు, చిరునామా, నికర తూకము, గరిష్ఠ చిల్లర ధర, తయారైన తేది, ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమని తెలుపు పచ్చని చదరములోని పచ్చని చుక్క; ఇవన్నియు చట్టప్రకారముండవలెను. తరువాత మిగిలిన చోటులోనే మామిడిపండు బొమ్మ. తెరపై ఎరుపు, ఆకుపచ్చ, నీలము కాంతులు కలిసి రంగగును; కాగితముపై నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాలు కలిసి రంగగును. తెరపై తళతళలాడిన పసుపు అచ్చులో మసకబారుట ఈ భేదము వలననే. అచ్చుయంత్రము ప్రక్కన నాలుగు దినములు నిలిచి చూచిన పిల్లవాడు ఈ తప్పు చేయడు. సెలవులలో చేరువలోని ముద్రణాలయమునకో, మగ్గముల యింటికో బిడ్డను పంపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము.

ఇందు భయమునకు తావే లేదని మేము చెప్పము. బస్సులపైనను, గోడలపైనను కుంచెతో అక్షరములు వ్రాసి సంసారములీడ్చిన ఆర్టిస్టులు ఫ్లెక్సీలు వచ్చిన పిమ్మట ఎట్లు పని పోగొట్టుకొనిరో మన వీధులే సాక్ష్యము. నేడు కృత్రిమమేధ వచ్చి, మాట చెప్పిన మాత్రమున బొమ్మ వేసి యిచ్చుచున్నది. చిల్లర పనులు కొన్ని దాని పాలగుట నిజమే. కాని ఫ్లెక్సీ వచ్చినప్పుడు ఎవరు నిలిచిరి? అక్షరపు తీరు, రంగుల పొందిక తెలిసి కంప్యూటరు నేర్చినవారు నిలిచిరి. కుంచెనే వృత్తి యనుకొన్నవారు చితికిపోయిరి. కుంచె వెనుకనున్న తెలివియే వృత్తి యనుకొన్నవారు బ్రతికిరి. యంత్రము వంద బొమ్మలు ముందు పెట్టవచ్చును. వానిలో చిత్తూరు రైతుబజారున చెల్లునదేదో, కొనువాని అవసరమేదో, ఒత్తు తప్పిన అక్షరమేదో పట్టి చెప్పువాడు మనిషి. కనుక యంత్రమును నేర్వవలెను. దానికి ముందు చేతితో గీయుట నేర్వవలెను.

ఆర్టిస్టుకు చట్టము ఇచ్చిన రక్షణ కూడ తెలిసియుండవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము జీతమునకు పనిచేయువాడు ఆ ఉద్యోగములో గీసినది, వేరు ఒప్పందము లేనిచో, యజమానికి చెందును. స్వతంత్రముగా గీసిన దానికి సాధారణముగా గీసినవాడే హక్కుదారు. కాని డబ్బిచ్చి చేయించుకొన్న పటమునకు, ఫోటోకు చేయించుకొన్నవాడే తొలి హక్కుదారు. హక్కు వ్రాసి యిచ్చుట కాగితముపై సంతకముతో జరుగవలెను. ఎన్నియేండ్లకో వ్రాయనిచో అది అయిదేండ్లకే. ఏ ప్రాంతమునకో వ్రాయనిచో భారతదేశమునకే. నోటిమాటపై నమూనా లిచ్చి, అదే నమూనా వేలకొలది చీరలపై కనబడగా నివ్వెరపోయిన యువకులను మేమెరుగుదుము. ఎంతటి ఆప్తుడైనను అరపుట ఒప్పందము వ్రాయించుకొనుట అమర్యాద కాదు.

మొదటి రెండు మూడేండ్లు సంపాదన పలుచగా నుండుననియు చెప్పవలెను. ఈ వృత్తిలో పట్టముకంటె ముందుగా చూచునది చేసిన పనుల సంపుటిని. మంచి పనులు పదునైదో ఇరువదియో ఎన్నిక చేసి, ఒక్కొక్క దాని వెనుకనున్న సమస్య యేది, ఎన్ని విధముల ప్రయత్నించితిని, చివరకు దీనినే యేల ఎంచుకొంటిని అను మూడు వాక్యములు వ్రాసి ఉంచవలెను. నటుల ముఖములను ఫోటో చూచి దింపినవి ఇందులో పనికిరావు. తన వీధి హోటలు ధరల పట్టికను చదువ వీలుగా తిరిగి వ్రాసినది, తన పాఠశాల గ్రంథాలయమునకు గుర్తులు గీసినది పనికివచ్చును.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పనిలో చాలభాగము ఇంటిపట్టున నుండి చేయదగినది, దూరమునకు పంపదగినది. పెండ్లి తరువాత ఊరు మారినను చేతి విద్య వెంట వచ్చును. శ్రీకాళహస్తిలో కలము పట్టి కుటుంబములను పోషించుచున్న స్త్రీలు పెక్కుమంది కలరు. ముగ్గు చుక్కలను కొలతతో పెట్టగల పిల్లకు బుటా అల్లిక పరాయి విద్య కాదు.

తల్లిదండ్రులు ఇప్పుడు చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక దళసరి పుస్తకము, రెండు పెన్సిళ్ళు కొని యిండు. దినమునకు ఒక పుట, చూచిన వస్తువునే చూచినట్లు గీయుమనుడు: చెంబు, చెప్పు, జామకొమ్మ, నిదురించుచున్న తాతగారు. ఒక యేడు గడచిన తరువాత మొదటి పుటను, చివరి పుటను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. గీతలో ఎదుగుదల, మనసులో విసుగులేమి కనబడినచో ఇంటర్మీడియటు ఫారము నింపునాడు ఆ బిడ్డ మాటకును ఇంత చోటిండు. కనబడనిచో పోయినది రెండు పెన్సిళ్ళే. చూచుటకు అలవడిన కన్ను మాత్రము ఏ వృత్తిలోనైనను అతనికి మిగులును.